పైన గొలుసు, కింద రాళ్ళు

పోయిన ఆదివారం కాప్రాలో మా మేనకోడలి ఇంటికి వెళ్ళేసరికి, ఆమె కొత్తగా పెట్టుకున్న ఉప్పునీటి అక్వేరియంలోకి తొమ్మిది పగడపు ముక్కలు దింపి, ఫోనులో ఏదో నొక్కుతూ కనబడింది. ముప్పై శాతం వెలుగుతో మొదలై, నలభై రోజుల్లో తనంతట తానే వందకు చేరుకునే దీపమట అది. “మామా, నలభై దినాలు సరిపోతయా?” అని ఆమె అడగగానే, కుర్చీలో కూర్చున్న ఆమె తండ్రి, అంటే మా బావ, తన కుడిచేతి వైపు చూసుకున్నాడు, నేను తెలియకుండానే చీలిన నా ఎడమ చెవి తమ్మె తడుముకున్నాను. ఇరవై రెండేళ్ళైంది.

పగడాన్ని రాయి అనుకునేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు గాని అది ప్రాణి. దాని మాంసంలో కంటికి కనబడని నాచు కాపురముండి, వెలుగు తిని, దానికింత తిండి పెడుతుంది. చీకటి పెట్టెలో ప్రయాణం చేసి వచ్చిన పగడం మీద ఒక్కసారిగా పెద్ద వెలుగు పడిందా, తనను పోషించే ఆ నాచునే గోధుమరంగు తీగలుగా కక్కేసి, తెల్లగా పాలిపోయి ఆకలితో చస్తుంది. పైగా అది చూడటానికి పువ్వులా ఉంటుందే గాని గుణం పువ్వుది కాదు. పక్కన ఇంకొకటి నాలుగు అంగుళాల లోపుకు వస్తే సన్నటి కొరడాల్లాంటి చేతులు చాచి కాల్చి చంపుతుంది. ఆ నాలుగు అంగుళాల నియమం పగడాలకు తెలిసినంత మా ఇంట్లో మగవాళ్ళకు తెలియదు.

అప్పట్లో పద్మారావు నగర్‌లో కింద బావ చేపల దుకాణం, పైన అక్కాబావల కాపురం. నేను మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చి పనిచేసేవాణ్ణి. చదువు పదితోనే ఆగినా అంకెల మీద నాకు మొదటినుంచీ పిచ్చి. దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగోవంతు అవుతుందని పాత పుస్తకాల బండి మీద కొన్న పుస్తకంలో చదివి, గోడ మీద సుద్దతో లెక్క కట్టి బావకు చూపించాను. ఆ రోజుల దీపాలు మైదానాల్లో వెలిగించేలాంటివి. వెలిగితే పూర్తిగా వెలుగుతాయి, లేకపోతే లేదు. అందుకని దీపాన్ని గొలుసుతో ఎత్తున వేలాడదీసి, రెండు రోజులకొక కడియం చొప్పున దించడం నేను పెట్టిన పద్ధతి. కడియం అంటే గొలుసులోని ఒక్క వలయం, కొలత రెండంగుళాలు.

బావ మంచి పనివాడు, కాని చెయ్యి దురుసు. చేప చస్తే గోడకు గుద్దేవాడు, బకెట్టు తన్నేవాడు. ఒకసారి పగడాలు మొత్తం చచ్చిన రోజున, అన్నానికి పిలవడానికి కిందికి వచ్చిన అక్కను కొట్టాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది. నేను బావ మీద పడి మొహం మీద గుద్దితే ముందరి పన్ను ఊడి నీళ్ళ గచ్చు మీద పడింది. ఆయన నా గొంతు పట్టుకొని షట్టరుకేసి మూడుసార్లు కొట్టాడు. అక్క మధ్యలోకి వచ్చి ఇద్దరినీ విడదీసింది. ఇక నీ గొలుసు ముట్టనని నేను ఒట్టు పెట్టుకుంటే, “ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొడ్త బామ్మర్దీ” అని ఆయన నోటిలోని నెత్తురు ఉమ్మేశాడు. ఆ రోజు నుంచి మా మధ్య మాట లేదు. ఏదైనా చెప్పాలంటే అక్కతోనే.

తరువాత వారమే పన్నెండు ముక్కలు కొత్తగా వచ్చాయి. అవి కూడా చస్తే ఆ చెయ్యి మళ్ళీ ఎవరి మీద లేస్తుందో నాకు తెలుసు. అందుకే ఒట్టు తీసి గట్టున పెట్టి, పొద్దున్నే బావ దిగకముందు నా దగ్గరున్న తాళంచెవితో షట్టరు సగం ఎత్తి లోపలికి దూరి, రెండు రోజులకొకసారి ఒక కడియం దించి, ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చి, తొమ్మిదింటికి పనిలోకి వచ్చేవాణ్ణి. దీపానికీ పగడానికీ మధ్య మొదట నలభై ఎనిమిది అంగుళాలు. పన్నెండు రోజులకు ఆరు కడియాలు, అంటే ముప్పై ఆరు అంగుళాలు. వెలుగు ఒకటీ ముప్పావు రెట్లు పెరుగుతుంది. అంతవరకు అవి తట్టుకుంటాయి. పక్కవెలుగు పడకుండా అద్దాల చుట్టూ నల్లకాగితం అంటించి ఉండటంతో లోపలిది పైనుంచి చూడటమే. పదో రోజున రంగు కొంచెం తగ్గినట్టు తోచింది గాని, నా అంకెల మీద నాకున్న నమ్మకం నా కళ్ళ మీద లేకపోయింది.

పన్నెండో రోజు పొద్దున ఆరో కడియం దించి దీపం వేసి చూస్తే పన్నెండూ ఎముకల్లా తెల్లగా ఉన్నాయి. అదే సమయానికి బావ మెట్లు దిగి వచ్చి, గొలుసు మీద నా చెయ్యి చూశాడు.

“ఒట్టు పెట్టుకొని దొంగలెక్క జొరబడ్తవా? పగ తీర్సుకుంటవారా నా మీద!” అంటూ కొక్కేనికి మిగిలి వేలాడుతున్న గొలుసు కొసను గుంజి తిప్పికొట్టాడు. నా చెవి తమ్మె చీలి మెడ మీదికి వెచ్చగా కారింది. రెండో దెబ్బ భుజం మీద. మూడోది పడకముందే రెండు చేతులతో ఆయన రొమ్ము మీద బలమంతా పెట్టి తోశాను. పడిపోతూ ఆపుకోబోయిన ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా అద్దంలోంచి దూసుకుపోయింది. తొట్టి మొత్తం ఒక్కసారిగా పగిలి ఉప్పునీళ్ళు మోకాళ్ళను కొట్టాయి, వేడి బల్బు మీద చిందులు పడి అది కూడా పేలింది. “కరెంటు!” అని అరుస్తూ అక్క మెట్ల దగ్గరి మెయిన్ స్విచ్ దించకపోతే ఈ మాటలు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాను.

నీళ్ళు పోయాక, పగడాల పళ్ళెం కింద నేను పెట్టని రాళ్ళు బయటపడ్డాయి. ఒక్కొక్కటి అంగుళం మందం గ్రానైటు ముక్క. ఒకదాని మీద ఒకటి, ఆరు. నెత్తురు కారుతుంటే కూడా నేను లెక్కపెట్టాను. నేను నిజంగానే గొలుసు ముట్టడం మానేశానని నమ్మి, పగడాలకు వెలుగు అలవాటు చేసేవాళ్ళు లేరని, నేను ఇంటికి పోయాక రెండు రోజులకొకటి చొప్పున కింద నుంచి ఆయన ఎత్తుతూ వచ్చాడు. నేను పైనుంచి, ఆయన కింద నుంచి. మిగిలింది ముప్పై అంగుళాలే. వెలుగు రెండున్నర రెట్లు దాటింది. లెక్క నాది కూడా తప్పు కాదు, ఆయనది కూడా తప్పు కాదు.

బావ మణికట్టుకు కొంగు చించి కట్టు కడుతూ, గొలుసు వైపు ఒకసారి, రాళ్ళ వైపు ఒకసారి చూసి అక్క అన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది: “ఇద్దరు బతికిద్దామనే సూసిండ్రు. జెర ఒక్క మాట అడిగితె నోరు అరిగిపోతుండెనా? నా మీదికి లేపనీకి ఈయనకు చెయ్యి ఉంటది, తమ్మీ, నీకు ఆయన్ని తోయనీకి బలముంటది, అడగనీకి మాత్రం ఎవరికి నోరు లేదు.”

ఆస్పత్రిలో చేతికి పద్దెనిమిది కుట్లు, చెవికి నాలుగు. నరాలు తెగి ఆ చేతి మూడు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. పన్నెండు పగడాల్లో రెండు బతికాయి. షట్టరు తాళాలు రెండూ అక్క తీసుకుంది. ఇంకొక్కసారి చెయ్యి లేస్తే ఇంటి తాళం కూడా తన దగ్గరే ఉంటుందని చెప్పింది. మరి లేవలేదు. సిగ్గువల్లనా, అక్కకు భయపడా, పిడికిలి పట్టక పోవడంవల్లనా అన్నది ఇన్నేళ్ళ లెక్కలో నాకు తేలలేదు. నేను తోసినందుకు బాధపడాలో లేదో కూడా తేలలేదు.

మేనకోడలికి నలభై రోజులు సరిపోతాయనే చెప్పాను. కాకపోతే, దీపం గాని రాళ్ళు గాని ఎవరు ముట్టుకున్నా రెండోవాళ్ళకు చెప్పుకోమన్నాను. దీపం ఎంత ఉందో భార్యాభర్తలిద్దరి ఫోన్లలో కూడా కనబడుతుంది మామా, చెప్పే పనేముంది అని ఆ పిల్ల నవ్వింది. నిజమే, ఇప్పుడు వెలుగు దానంతట అదే పెరుగుతుంది, ఎవరూ ఎవరినీ అడగనక్కర లేదు. మాకు అడగక తప్పని కాలం దొరికింది, మేము అడగలేదు. అడగనక్కర లేని కాలం వచ్చాక, బావ లేచి అద్దం దగ్గరికి వెళ్ళి, వంగి, పళ్ళెం కింద చాలాసేపు చూసి, నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు: “బామ్మర్దీ, కింద ఏం లేవు గద? నువ్వు సుత ఒకసారి సూడు.”