గుర్రం మీది అమ్మాయికి గొంతిచ్చిన ఆవిడ

మా పక్కింటి అమెరికన్ ఆవిడ గత మంగళవారం పొద్దున కన్నుమూశారు. తొంభై నిండి నాలుగు నెలలైంది. ఆవిడ కూతురి మెసేజ్ వచ్చేసరికి నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. కెమెరా ఆపేశాను.

రెండు రోజుల తరువాత ఊరి పత్రికలో చిన్న ప్రకటన వచ్చింది. పుట్టిన ఊరు, పెళ్లి, స్కూల్ క్యాంటీన్‌లో చేసిన ఉద్యోగం, వెళ్లే చర్చి, అన్నీ రాశారు. వాటన్నిటికంటే ముందు, పేరు పక్కనే, ‘గాయని’ అని ఉంది. టెక్సస్‌లో ఈ కాపెల్ ఊళ్లో మా వీధిలో సగం మందిమి తెలుగువాళ్లమే. ఆవిడని అందరూ ఎరుగుదురు. పాట మాత్రం ఎవరూ విని ఉండరు. ఆవిడ పాడేవారా అని నన్ను అడుగుతూనే ఉన్నారు. అడిగినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

పదకొండేళ్ల కిందట మేము ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో, రోడ్డు పక్కన పెట్టిన మా చెత్త డబ్బాని ఆవిడ వచ్చి అటు తిప్పి వెళ్లిపోయేవారు. రెండు వారాలు చూశాను. మూడో వారం గుమ్మంలో కాచుకుని నిలబడ్డాను. మూత రోడ్డు వైపు తెరుచుకోవాలనీ, లేకపోతే లారీ దాన్ని సరిగా ఎత్తలేదనీ చెప్పారు. నా మొహం చూసి, “తప్పని కాదమ్మా, నీకు ఎవరూ చెప్పి ఉండరు” అన్నారు. ఆ మాట తరువాత ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో. పార్సిల్ పక్కింట్లో పడేసి వెళ్లిన డెలివరీ అబ్బాయి గురించీ అదే, గులాబీ మొక్కలు తొక్కేసిన మా పిల్లల గురించీ అదే. ఎవరూ చెప్పి ఉండరు.

టెక్సస్ ఎండాకాలంలో కూడా మోకాళ్ల దాకా తోలు బూట్లు వేసుకుని మొక్కలకి నీళ్లు పెట్టేవారు. అందరితో మాట్లాడేవారు కానీ కూనిరాగం తీయడం కూడా నేను వినలేదు. మా అమ్మాయి పుట్టినరోజున అందరం పాడుతుంటే ఆవిడ చప్పట్లు మాత్రం కొట్టారు.

శనివారం తొమ్మిదింటికి టీవీ ముందు కూర్చోవడం ఆవిడకి నియమం. టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో తీసిన నలుపు తెలుపు కౌబాయ్ సీరియల్స్‌ని ఒక చానెల్‌లో మళ్లీ వేసేవారు. హీరో దొంగల్ని పట్టుకుని, టోపీ సర్దుకుని, గిటార్ తీసి గుర్రం మీదే పాట అందుకుంటాడు. ప్రతి వారం ఒకటే కథ. అయినా ఒక్క వారం మానేవారు కాదు.

మూడేళ్ల కిందట మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. శనివారాలు మేము పిల్లల్ని క్లాసులకి తిప్పుతుంటే అమ్మ డబ్బాలో నాలుగు ఇడ్లీలు పెట్టుకుని పక్కింటికి వెళ్లేది. అమ్మకి ఇంగ్లీష్ రాదు. ఆవిడకి తెలుగు రాదు. అమ్మ “వదినగారూ” అని పిలిస్తే ఆవిడ పలికేవారు. ఆ సీరియల్స్ అమ్మకి తెగ నచ్చాయి. “మన జానపద సినిమాలేనే ఇవి. కత్తికి బదులు తుపాకీ, అంతే” అంది నాతో.

ఒక శనివారం క్లాస్ లేకపోతే నేనూ వెళ్లాను. తెర మీద కంచె పక్కన గుర్రం ఆపి హీరోయిన్ పాడుతోంది. అమ్మ ముందుకి వంగి చూసి, “పాడేది ఈ పిల్ల కాదే. గొంతు నరం కూడా కదలట్లేదు. ప్లేబ్యాక్” అంది. నేను ఊరికే నవ్వుతూ ఆ మాట ఆవిడకి ఇంగ్లీష్‌లో చెప్పాను.

ఆవిడ చేతిలోని కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశారు. తరువాత మెల్లగా చెప్పారు. పద్దెనిమిదో ఏట కాలిఫోర్నియాలో పిన్ని దగ్గర ఉన్నప్పుడు, ఇలాంటిదే ఇంకో సీరియల్‌లో హీరోయిన్‌కి పాటలు పాడారట. ఆ అమ్మాయి గుర్రం బ్రహ్మాండంగా ఎక్కేది, పాడటం మాత్రం రాదు. పాటలు ముందే రికార్డు చేసి ఉంచితే షూటింగ్‌లో పెదవులు కదిపేది. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. ఏడాది తిరక్కుండానే ఇక్కడ తల్లికి జబ్బు చేస్తే ఆవిడ వచ్చేశారు. మళ్లీ వెళ్లలేదు.

“పేరన్నా వేశారా?” అంది అమ్మ. నేను అడిగి చెప్పాను. వేయలేదు. అమ్మకి నిజంగా కోపం వచ్చింది. మా దగ్గర పాడినవాళ్ల పేరు తెర మీద పెద్ద అక్షరాలతో వేస్తారని చెప్పమంది. ఆవిడ నవ్వారు. తను పాడిన సీరియల్ ఏదో ఒక శనివారం రాకపోతుందా అనే ఇన్నాళ్లూ చూస్తున్నానని అన్నారు. తన గొంతు తను రికార్డులో విన్నది ఆ స్టూడియోలో ఒకే ఒక్కసారి.

ఆ వారమే నేను వెతకడం మొదలుపెట్టాను. అప్పటి ఫిల్ములు చాలావరకు పారేశారని తెలిసింది. చివరికి ఒహాయోలో పాత రీళ్లు పోగుచేసే ఒకాయన దొరికాడు. ఆ సీరియల్‌ది ఒక్క ఎపిసోడ్ ఉందంటూ కాపీ చేసి పంపాడు. మేమెవరం ముందుగా చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే అందరం కలిసి చూద్దామనుకున్నాం.

ఆవిడ కూతురు ఫోర్ట్‌వర్త్ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చారు. అరవై దాటిన మనిషి, రిటైరైన టీచర్. కిచెన్‌లో టీ పెడుతుంటే నా పక్కకి వచ్చి నిలబడ్డారు. చిన్నప్పుడు వాళ్లమ్మ తమకి ఈ సంగతి చెప్పిందట. ఈవిడ గొప్పగా స్కూల్లో చెబితే పిల్లలంతా పడీపడీ నవ్వారు. ఏడుస్తూ ఇంటికొచ్చి, ఇంకెప్పుడూ ఇలాంటి అబద్ధాలు చెప్పొద్దని తల్లి మీద అరిచారట. “అప్పటికి నాకు ఏడేళ్లు. ఆ రోజు తరువాత మా అమ్మ ఇంట్లో పాడలేదు. నేను అడగనూ లేదు. ఇప్పుడు ఇందులో అమ్మ గొంతు లేకపోతే నేనేం చేయాలి?” అన్నారు. టీ తీసుకుని లోపలికి వెళ్లాం.

ఎపిసోడ్ సగంలో పాట వచ్చింది. సన్నని, తేటైన గొంతు. మేమెవరం తెర చూడటం లేదు, ఆవిడ మొహమే చూస్తున్నాం. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. పాట అయిపోయేదాకా ఆవిడ కదల్లేదు.

“ఇది నేను కాదు” అన్నారు.

ఆవిడే మళ్లీ మొదలుపెట్టారు. “నా తరువాత వచ్చిన అమ్మాయి. బాగా పాడింది. చివరి మాట ముందు ఊపిరి తీసుకుంటోంది చూడండి. నేనైతే తీసుకునేదాన్ని కాదు.”

అవును నేనే అని ఉంటే మేమంతా నమ్మేవాళ్లం. కాదనడానికి అక్కడ ఎవరున్నారు? ఆవిడ కూతురు కుర్చీలోంచి లేచి వెళ్లి తల్లి కాళ్ల దగ్గర కార్పెట్ మీద కూర్చున్నారు. “నువ్వెలా పాడేదానివమ్మా?” అని అడిగారు.

ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. రెండే రెండు చరణాలు పాడారు. గొంతు బొంగురుపోయింది, పై స్వరానికి పోలేక రెండుచోట్ల జారింది. కానీ చివరి చరణంలో, ఆ చివరి మాట ముందు, ఊపిరి తీసుకోలేదు. కూతురు తల్లి మోకాలికి నుదురు ఆనించుకుని ఉండిపోయారు. సారీ లాంటి మాటేదో వినబడింది. దానికి ఆవిడ చెప్పిన జవాబు మాత్రం స్పష్టంగా విన్నాను. “చిన్నదానివి. నీకు ఎవరూ చెప్పి ఉండరు.”

ఆవిడ పాడిన ఎపిసోడ్‌లు దొరకలేదు. దొరకవని కూడా ఒహాయో ఆయన తరువాత రాశాడు. చెబితే ఆవిడ అంత బాధపడలేదు. ఇక శనివారాలు ఆలస్యంగా లేవచ్చన్నారు. అమ్మ తెనాలి వెళ్లిపోయాక ఇద్దరూ వీడియో కాల్‌లో పాటలు నేర్పుకునేవారు. అమ్మ జోలపాటలో ఆవిడ ‘ళ’ పలకలేక అవస్థపడేవారు. అమ్మ ఒప్పుకునేది కాదు, మళ్లీ మళ్లీ అనిపించేది. ఫోన్ పట్టుకుని మధ్యలో కూర్చోవడం నా పని. ఇద్దరికీ నా అనువాదం అక్కర్లేదని తెలియడానికి నాకు ఎక్కువ రోజులు పట్టలేదు.

ఆవిడ పోయిన కబురు ఫోన్‌లో చెప్పగానే అమ్మ, “వదినగారి కూతురికి తిండి ఎవరు చూస్తున్నారు?” అని అడిగింది.

అంత్యక్రియలైన మర్నాడు పులిహోర కలిపి పక్కింటికి బయల్దేరాను. ఆవిడ కూతురు ఇంకా ఇంట్లోకి వెళ్లలేదు. డ్రైవ్‌వేలో ఆపిన కారులోనే కూర్చుని ఉన్నారు. అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న గరాజ్ తలుపు వైపు చూస్తూ పాడుతున్నారు. నాకేమీ వినబడలేదు. పెదవులు కదలడం మాత్రం కనబడుతోంది. అద్దం తట్టబుద్ధి కాలేదు. వేడి గిన్నె రెండు చేతులతో పట్టుకుని, పాట అయ్యేదాకా గడ్డిలోనే నిలబడ్డాను.