ఆకు వ్యానుకు పడిన గాలి చిల్లు

పట్టుపురుగు నాలుగో జ్వరం లేచాక ఇంట్లో మనుషులు పస్తున్నా సరే, దానికి మాత్రం ఆకు ఉండాలి. పొర విడిచే ముందు పురుగు మేత మాని కదలకుండా పడుకుంటుంది. దాన్నే మేము జ్వరమంటాం. నాలుగోసారి లేచాక వారం రోజులు విడవకుండా మేస్తుంది. ఆ వారంలో కడుపు మాడితే గూడు పలచగా కడుతుంది, లేదంటే అసలు కట్టదు.

పోయిన వేసవిలో గుడుపల్లె దగ్గర మా బోరు ఎండింది. సరిగ్గా ఆ వారం మధ్యలో మల్బరీ తోట ఖాళీ అయింది. చుట్టుపక్కల తోటలదీ అదే గతి. మదనపల్లె అవతల మా చెల్లెలి తోటలో ఆకు ఉందని తెలిసి, మా ఆయనా నేనూ ముందురోజు సాయంత్రమే వ్యానులో పోయాం. ఇంట్లో మిగిలిన ఆకు పక్కింటామెకు అప్పగించి, పొద్దుటి మేత ఆమెనే వేయమన్నాం. తెల్లవారుతూనే కొమ్మలు కోసి, కట్టలు కట్టి, తడి గోనెసంచులు కప్పి బయలుదేరాం. పదకొండు గంటలకు పురుగుల షెడ్డులో మేత పడాలి.

మా వ్యాను పాతది, పెట్రోలుది. ముందు సీటు ఎత్తితే కింద ఇంజను ఉంటుంది. అంటే నేను కూర్చునేది ఇంజను మీదే. పుంగనూరు చేరేలోపు అది నాలుగుసార్లు ఆగింది. రోడ్డు మీద పరుగు బాగానే ఉంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, ఇంజను పైకీ కిందికీ ఊగి ఆగిపోతుంది. బ్రేకు కూడా రాయిలా బిగుసుకుంది.

"పెట్రోల్లో ఏమో కలిపినట్టుండారు" అన్నాడు మా ఆయన.

"నిన్న ఇదే పెట్రోలుతో వచ్చినాం కదా. నిన్న లేని కల్తీ రాత్రికి పుట్టిందా?"

పుంగనూరులో ఒక మెకానిక్ దగ్గర ఆపాం. అతను సీటు ఎత్తి ఒక స్క్రూ తిప్పాడు. ఇంజను పెద్దగా అరిచింది. "ఇంక ఆగదు, పోండి" అన్నాడు. బస్టాండు దాకా పోయేసరికి బ్రేకు పడక ఆటో వెనక తగిలేంత పని అయింది. వ్యాను వెనక్కి తిప్పించాను.

"మళ్లీ వచ్చినారా?" అన్నాడు మెకానిక్.

"అరుపు పెంచితే జబ్బు పోతాదా అప్పా? నేను ఇంజను మీదే కూర్చోనుండాను. ఈయన బ్రేకు తొక్కినప్పుడల్లా దాని గొంతు మారతాండాది. ఆడ సూడు."

"మెకానిక్కు నువ్వా నేనా అవ్వా?"

"నువ్వే. అందుకే సూడమంటాండాను. అవ్వ అనబాక, నీకు నాకు పదేండ్లు కూడా తేడా ఉండదు."

అతను నవ్వాడు గాని మాట మాత్రం చెవిన వేసుకున్నాడు. ఇంజను పీల్చే గాలి ఒకే దారిన పోవాలట. ఇంకో చోట చిల్లు పడితే దొంగగాలి జొరబడి పెట్రోలు చాలకుండా పోతుంది. బ్రేకు తేలిగ్గా పడేందుకు ఇంజను నుంచి బ్రేకు డబ్బాకు ఒక లావు రబ్బరు గొట్టం పోతుంది. అతను ఆ గొట్టానికి గుడ్డ చుట్టి, పట్టకారుతో ఇంజను దగ్గర నొక్కాడు. ఊగుతున్న ఇంజను ఒక్కసారిగా కుదుటపడింది.

"నీ మాటే నిజమమ్మా. చిల్లు గొట్టానికుందా, డబ్బాకుందా తేలాల. డబ్బా అయితే కొత్తది తెప్పించాల. రెండు దినాలు."

రెండు దినాలంటే మా పురుగులు పోయినట్టే. అతను ఇంజను కడిగే ఘాటు మందు స్ప్రే డబ్బా తెచ్చాడు. దాన్ని కొడితే చిల్లున్నచోట ఇంజను శబ్దం మారుతుందని చెప్పాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"వెనక ఆకుండాది. ఆ వాసన తగిలిందంటే ఒక్క పురుగూ బతకదు."

"అయితే ఆకు దించేయ్."

"దించినా వ్యానులో వాసన పోతాదా? మళ్లీ దాంట్లోనే కదా ఎక్కించేది!"

ఆకు తడపడానికి చేతి స్ప్రేయరు తెచ్చుకున్నాను. దాంట్లో ఏనాడూ నీళ్లు తప్ప ఇంకేమీ పోయలేదు. అది చేతికిచ్చి, దీంతో కొట్టమన్నాను.

"ఇంజనుకు నీళ్లు కొడతారామా ఎవురైనా!"

"నువ్వు కొడతావు. కరెంటు వైర్లు కప్పేసి గొట్టానికి మాత్రమే కొట్టు."

ప్లాస్టిక్ కవరు కప్పి సన్నగా కొట్టాడు. ఇంజను వైపు అతుకు దగ్గర ఏమీ మారలేదు. మధ్యలోనూ మారలేదు. డబ్బా వైపు కొసన నీళ్లు పడగానే సుర్రుమని లోపలికి పీల్చుకుంది, ఇంజను కొద్దిసేపు సరిగ్గా నడిచింది. మా ఆయన వేలు పోనిచ్చి తడిమాడు. క్లిప్పు పక్కన, కంటికి కనబడని అడుగు వైపు, గొట్టం నిలువునా పగిలి ఉంది.

నేను అంతసేపూ నిలబడి చూస్తూ ఉండలేదు. కట్టల మధ్య చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఒకదాని మీద ఒకటి పడి ఉంటే ఆకు తనకు తానే ఉడుకుతుంది. కట్టలన్నీ దించి, అతని రేకుల షెడ్డు నీడలో విప్పి పరిచి, నీళ్లు చిలకరించాను. అడుగునున్న రెండు కట్టలు పులిసిన వాసన కొట్టాయి. వాటిని రోడ్డు పక్క ఆవులకు పడేశాను.

"అవి కూడా ఉంటే ఒక పూట గడిచేది" అన్నాడు మా ఆయన.

"గడిచేది కాదు. పురుగుకు కడుపు పారుకునేది."

గొట్టం కాస్త పొడుగ్గానే ఉంది. పగిలిన కొస రెండు వేళ్ల మేర కోసేసి, మళ్లీ తొడిగి, కొత్త క్లిప్పు బిగించాడు. ఇంజను బాగా అరిచింది. అప్పుడు మొదట అరుపు పెంచడానికి తిప్పిన స్క్రూ వెనక్కి తిప్పమన్నాను. మర్చిపోయినట్టు తల గోక్కుని తిప్పాడు. కాలు తీసినా ఇంజను ఆగలేదు. బ్రేకు మెత్తగా దిగింది. పలమనేరు దాటి కుప్పం దాకా ఎక్కడా ఆగలేదు.

షెడ్డు చేరేసరికి ఒంటిగంటన్నర. పురుగులు తలలెత్తి అటూ ఇటూ వెతుకుతున్నాయి. కొన్ని తట్టల అంచుల దాకా పాకాయి. ఇద్దరం గబగబా కొమ్మలు పరిచాం. మేత వేసిన సమయం గోడ మీద సుద్దతో రాయడం నా పని. యాభై దాటాక నేర్చిన అక్షరాలు, కొంచెం వంకరగానే వస్తాయి. ఒకటిన్నర అని రాశాను.

"పదకొండు అని రాయి. ఆలస్యమైందని తెలిస్తే రేపు పట్టుశాఖ ఇన్‌స్పెక్టరు అడుగుతాడు" అన్నాడు మా ఆయన.

"అడగనీ. పురుగుకు తెలీదా ఎప్పుడు తినిందో?"

ఆయన మంచం మీద కూర్చోబోయాడు. తెచ్చిన ఆకు రేపు పొద్దుటి దాకానే వస్తుందని లెక్క వేసి, మళ్లీ చెల్లెలి తోటకు పోవడానికి తడి గోనెసంచులు వ్యానులోకి విసిరాను.

"టీ అయినా తాగనీ."

"పుంగనూరులో తాగుదువులే. లెయ్యి."