గేలం దగ్గరా, గవ్వల దగ్గరా

నా చిన్నప్పుడు మాకు ఆదివారం శుక్రవారం నాడు వచ్చేది. డెబ్బైల నడుమ మాట. మేము ఒమాన్‌లో, మస్కట్ పక్కనే ఉన్న మత్రాలో ఉండేవాళ్ళం. అమ్మ అక్కడి ఆస్పత్రిలో నర్సు. నాన్న అదే ఆస్పత్రిలో మందుల స్టోరు చూసేవారు. ఆ దేశంలో సెలవు శుక్రవారం కాబట్టి మా సంఘారాధన కూడా ఆ రోజే జరిగేది. పిల్లల ఆదివారం బడి కూడా శుక్రవారమే. ఈ సంగతి ఉత్తరంలో రాస్తే, ఊళ్ళో ఉన్న మా అమ్మమ్మ మేము విశ్వాసంలో ఏమైనా సడలిపోతున్నామేమోనని కొన్నాళ్ళు బెంగపడిందట.

ఆస్పత్రి క్వార్టర్స్‌లో ఒక పొడుగాటి గది మా ఆరాధన స్థలం. చాపలు పరుచుకుని పాతికమందిమి కూర్చునేవాళ్ళం. ఎక్కువమంది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన నర్సులు. పాస్టరుగారంటూ ఎవరూ లేరు. పెద్దవాళ్ళే వంతులవారీగా వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పేవారు. పాటలయ్యాక సాక్ష్యాల వేళ వచ్చేది. ఎవరికి తోచిన వాళ్ళు లేచి, ఆ వారంలో ప్రభువు తమకు చేసిన మేలు చెప్పేవారు. ఒకరికి బిడ్డ జ్వరం తగ్గింది, ఒకరికి ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది, ఒకరికి తమ్ముడి వీసా కాగితాలు కదిలాయి. చెప్పి కూర్చోగానే గదంతా స్తోత్రం అనేది. సాక్ష్యం అంటే అందరూ మెచ్చుకునే మంచి మాట అని మాత్రమే నాకు తెలుసు. కోర్టులో చెప్పేదాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారని తొమ్మిదేళ్ళ నాకు తెలియదు.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆస్పత్రిలో పుళ్ళు కడిగి కట్లు కట్టే పని ఆయనది. అందుకని అందరూ డ్రెస్సర్ తాతయ్య అనేవారు, నేను ఒట్టి తాతయ్య అనేదాన్ని. బందరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టి, పడవల మీద పెరిగి, నడివయసులో ప్రభువును నమ్ముకున్న మనిషి. చదువు కూడా అప్పుడే నేర్చుకున్నాడు, వాక్యం చదవడం కోసమే. అందుకేనేమో అక్షరం అక్షరాన్నీ పలకరిస్తున్నట్టు చదివేవాడు. ఒత్తు కనబడితే ఆగేవాడు. రెండు ఒత్తులు కనబడితే కళ్ళద్దాలు సర్దుకునేవాడు.

శుక్రవారం తెల్లవారుతుండగా తాతయ్య గేలం తీసుకుని కొండ కిందున్న చిన్న రేవుకు వెళ్ళేవాడు. పదింటికి ఆరాధన మొదలయ్యేలోగా తిరిగి వచ్చేవాడు. నాన్నను బతిమాలి నేను కూడా వెంట వెళ్ళేదాన్ని. చలి వెళ్ళిపోయి ఎండలు ఇంకా ముదరని ఆ రెండు నెలల్లో కవళ్ళనే చిన్న చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డు దాకా వచ్చేవి. వాటిని తరుముకుంటూ పొడుగాటి మూతి, కోరపళ్ళు ఉన్న ఒక చేప రాళ్ళ దగ్గరికి వచ్చేది. దాన్ని బారకూడా అంటారని పెద్దయ్యాక తెలిసింది. తాతయ్య పళ్ళచేప అనేవాడు, మేము కూడా అదే అనేవాళ్ళం.

దాని కథ వచ్చిందంటే ఆయన డాక్టరమ్మను తలుచుకోకుండా ఉండేవాడు కాదు. చలిదేశం నుంచి వచ్చి ఆ ఆస్పత్రిలో కొన్నేళ్ళు పనిచేసి వెళ్ళిపోయిన ఒక ముసలి డాక్టరమ్మ. వాళ్ళ వైపు ఉత్తరాన పెద్ద పెద్ద సరస్సులు ఉంటాయట. చలికాలమంతా నీళ్ళ మీద మంచు గడ్డకట్టి, మనుషులు నడిచి వెళ్ళేంత గట్టిగా ఉంటుందట. వసంతంలో ఆ మంచు పగిలి కరగగానే పైక్ అనే చేప గుడ్లు పెట్టడానికి గట్టు పక్క లోతు లేని నీళ్ళలోకి వస్తుందట. గుడ్లు పెట్టాక దానికి ఎక్కడలేని ఆకలి. దానికీ బాతుముక్కులాంటి మూతి, మూతినిండా పళ్ళు. ఆమె చిన్నపిల్లగా వాళ్ళ నాన్నతో గట్టు మీద నిలబడి, వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆ చేపను పట్టేదట. ఎరను ముందు అడ్డంగా కరుచుకుంటుంది, ఆ తర్వాత తిప్పుకుని మింగుతుంది, తిప్పుకునేదాకా లాగకూడదు అని ఆమె చెప్పిన కిటుకే తాతయ్య మత్రా రాళ్ళ మీద పాటించేవాడు. ఇదంతా కళ్ళకు కట్టినట్టు చెప్పి చివర్న ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు. "నేను చూళ్ళేదమ్మా, డాక్టరమ్మ చెప్పింది." అంత మంచి కథను ఆ మాటతో ఎందుకు పాడుచేస్తాడా అని నాకు విసుగ్గా ఉండేది.

మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం నాడు తాతయ్యకు పెద్ద చేప పడింది. ఆ వేళ నేను దూరంగా గవ్వలు ఏరుకుంటున్నాను. నీళ్ళు చిందిన చప్పుడు విని పరుగెత్తుకొచ్చేసరికి చేప రాళ్ళ దగ్గరికి వచ్చేసింది. తాతయ్య నవ్వి, దారం కొస నా చేతికిచ్చి, "పట్టుకో, జారనియ్యమాక," అన్నాడు. చివరి మూరెడు దారం నేను లాగాను. నిలబెడితే చేప నా నడుము దాకా వచ్చింది.

సాక్ష్యాల వేళ నేను లేచి నిలబడ్డాను. అనుకుని లేవలేదు. వంటగదిలోంచి వస్తున్న పులుసు వాసన నన్ను లేపింది. పొద్దున ప్రార్థన చేసుకుని నేనే గేలం వేశానని, ప్రభువు నాకు ఇంత పెద్ద చేపనిచ్చాడని చెప్పాను. గదంతా స్తోత్రం అంది. ఆ మాట తలకెక్కింది. పునరుత్థాన పండుగ తర్వాత వచ్చే శుక్రవారం మాకు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు. ఆ విందుకు కూడా చేప నేనే తెస్తానని చెప్పి కూర్చున్నాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. తాతయ్య వెనక వరసలో ఉన్నాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

అమ్మ ఆ సాయంత్రమే అమ్మమ్మకు ఉత్తరం రాసింది. మర్నాటి నుంచి నర్సు అక్కలందరూ నన్ను చేపలపాప అనడం మొదలుపెట్టారు. విందుకు వంట చూసే పక్కింటి అక్క ఎదురుపడినప్పుడల్లా, "ఏవే చేపలపాపా, నిన్ను నమ్ముకుని కోడి కూడా చెప్పలేదు, చింతపండు సిద్ధంగా పెట్టమంటావా?" అని అడిగేది. నేను తలూపేదాన్ని. ఊపిన ప్రతిసారీ మెడ కాస్త బరువెక్కేది.

తర్వాతి శుక్రవారం, ప్రభువు సిలువనెక్కిన మంచి శుక్రవారం. ఆ రోజు గేలం లేదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. ప్రభువును ప్రధానయాజకుడి ముందు నిలబెట్టిన భాగం చదివే వంతు తాతయ్యకు వచ్చింది. ఆయన తన మామూలు నడకలో చదువుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగిపోయాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఆ పైన నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా పలికాడు. అబద్ధ సాక్షులు.

అది ఒత్తు దగ్గర ఆగడమేనని నాకు తెలుసు. ఆయన 'ఆశీర్వాదం' దగ్గరా ఆగుతాడు, 'రక్షకుడు' దగ్గరా ఆగుతాడు. తెలిసి కూడా తల వంచుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాను. సాక్ష్యం అన్న మాటను ఆ పక్కనుంచి చూడటం అదే మొదటిసారి. ప్రభువు మీద లేనిపోనివి చెప్పినవాళ్ళను ఏమంటారో, లేచి నిలబడి చేప గురించి చెప్పిన నన్ను కూడా అదే అంటారు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. నిజం చెబితే అమ్మ తలదించుకోవాలి. చెప్పకపోతే చేప తేవాలి. తేవడం నాకు రాదు.

విందు శుక్రవారం వచ్చింది. రేవులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. జాలర్లు వల గుంజుకుంటూ మాకు గుప్పెడు కవళ్ళు ఎరకు పడేశారు. ఎప్పుడూ ఎర గుచ్చి, దారం సరిచూసి, గేలం విసిరేది తాతయ్యే. ఆ రోజు మాత్రం దారపు ఉండ, మూడు గేలాలు నా ముందు పెట్టి రాయికి ఆనుకుని కూర్చున్నాడు.

"నువ్వే పట్టావుగా మొన్న. ఇయ్యాల నేను చూస్తా కూచుంటా," అన్నాడు. ఎత్తిపొడుపు లేదు. మామూలుగానే అన్నాడు.

నేను గేలాన్ని నైలాను దారానికి ముడివేసి, కవళ్ళు గుచ్చి విసిరాను. కాసేపటికే దారం బిగుసుకుంది. పెద్దదే. డాక్టరమ్మ చెప్పినట్టు తిప్పుకునేదాకా ఆగాను. లాగేసరికి ఒక్క ఊపు ఊపింది, ఆ తర్వాత చేతిలో ఏమీ లేదు. దారం కొస కత్తిరించినట్టు నున్నగా తెగి ఉంది. ముడి సరిగ్గా లేదేమో అనుకుని రెండో గేలానికి నాలుగు ముళ్ళు వేశాను. అదీ అంతే. మూడో గేలం చేతిలోకి తీసుకున్నాను. అది ఒక్కటే మిగిలింది. ఎండ కొండ దిగి నీళ్ళ మీదికి వచ్చింది. తాతయ్య సముద్రం వైపు చూస్తున్నాడు.

"తాతయ్యా, నాకు తెలీదు," అన్నాను. "ఆ రోజు నేను గవ్వల దగ్గరున్నాను."

"తెలుసుగా," అన్నాడు. "గేలం దగ్గర నేనే ఉన్నా."

అన్నాక చొక్కా జేబులోంచి ఒక ఉక్కు తీగ ముక్క తీశాడు. జానెడు కంటే కాస్త పొడుగు. డాక్టరమ్మ వెళ్ళిపోతూ ఆయనకిచ్చిన డబ్బాలోది. పళ్ళున్న చేపకు దారం చాలదని, గేలానికీ దారానికీ మధ్య ఈ తీగ ఉండాలని, మంచుదేశపు చేపకైనా ఇక్కడి చేపకైనా అంతేనని చెప్పాడు. కొసను గేలం కన్నంలో దూర్చి ఎలా మెలిపెట్టాలో చూపించాడు. ఒకసారి ఆయన చేసి విప్పేశాడు. రెండోసారి నన్ను చెయ్యమన్నాడు. తీగ నా చూపుడువేలుకు గుచ్చుకుని చుక్క రక్తం వచ్చింది. కట్లు కట్టే మనిషి కదా, చూసి, "దీనికి కట్టక్కర్లా," అన్నాడు. ఆ వారంలో నేను మొదటిసారి నవ్వాను.

"చేప పడకపోతేనో తాతయ్యా?"

"పడకపోతే వంకాయకూర తింటారు. దానికి భయపడమాక."

సాక్ష్యంలో నేను చెప్పినదాని సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చేప పడింది. మొన్నటి దానికంటే కాస్త చిన్నది. తీగ మెలి నాది, విసిరింది నేను, ఆగింది నేను. రాళ్ళ మీదికి లాగేటప్పుడు మాత్రం నా బలం చాలక ఆయన వెనకనుంచి నా నడుం పట్టుకున్నాడు. సంచిలో చేపను పెట్టుకుని క్వార్టర్స్ వైపు నడుస్తుంటే నాకు ఒక సంగతి తట్టింది. ఇక ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. తెస్తానన్న చేప తెచ్చాను. మొదటి మాట ఈ చేప కింద కప్పబడిపోతుంది. అమ్మ తలదించుకోనక్కర్లేదు. ప్రభువే నా తప్పు కప్పాడని చెప్పుకుంటే కూడా చక్కగానే ఉంటుంది. ఆ దారి ఎంత నున్నగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తు. తెగిన దారం కొసంత నున్నగా ఉంది. తాతయ్య నా పక్కనే నడుస్తున్నాడు, ఏదో పాట కూనిరాగం తీస్తూ.

సాక్ష్యాల వేళ నేను లేచేసరికి, అందరూ స్తోత్రం అనడానికి ముందే సిద్ధంగా ఉన్నారు. నేను ఈనాటి చేప గురించి చెప్పలేదు. మొన్నటి చేపను పట్టింది తాతయ్య అని, నేను ప్రార్థన చెయ్యలేదని, గవ్వలు ఏరుకుంటున్నానని, చివరి మూరెడు మాత్రం లాగానని చెప్పాను. మంచి శుక్రవారం నాడు చదివిన మాట నా గురించే అనిపించిందని కూడా చెప్పాను. గదిలో ఎవరూ స్తోత్రం అనలేదు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నేల వైపు చూస్తోంది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక్క గొంతు, "స్తోత్రం," అంది. తాతయ్య లేచి నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ చదవడమే కానీ సాక్ష్యం చెప్పగా నేను వినలేదు.

"పాప చెప్పిన రోజున నేనిక్కడే కూచున్నా," అన్నాడు. "పట్టింది నేనని నాకు తెలుసు. అందరూ పాపను మెచ్చుకుంటుంటే ముచ్చటేసి నోరు మూసుకున్నా. పాప చెప్పింది ఒక్కసారే. నేను రెండు వారాలు చెప్పకుండా ఉన్నా. ఆ మాట నాకూ తగులుద్దండి. నాకోసం కూడా ప్రార్థన చెయ్యండి." ఆ మాట చెప్పి కూర్చున్నాడు.

తర్వాత ఎవరు ప్రార్థన చేశారో, ఏం చేశారో నాకు గుర్తు లేదు. అమ్మ వచ్చి నా పక్కన కూర్చోవడం గుర్తుంది. నా వేలి మీది ఎండిన రక్తం చూసి, ఏమీ అడగకుండా తన చీర చెంగుతో తుడిచింది. పులుసులో ముక్కలు వడ్డిస్తూ పక్కింటి అక్క, "ఇది ఎవరు పట్టిన చేపో ముందే చెప్పండి, తిన్నాక సాక్ష్యాలు మారితే నా వల్ల కాదు," అంది. అందరూ నవ్వారు. తాతయ్య అందరికంటే ఎక్కువ నవ్వాడు.

అమ్మమ్మకు రెండో ఉత్తరం అమ్మ రాయలేదు. నా చేత రాయించింది. నాలుగు వాక్యాలు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. నెలకు జవాబు వచ్చింది. మనవరాలు నిజం చెప్పినందుకు ప్రభువుకు స్తోత్రమని, తను ప్రార్థనలో మోకాళ్ళ మీదే ఉన్నానని రాసి, కింద ఇంకో వరస చేర్చింది. రెండో చేప పులుసు ఎలా కుదిరిందో రాయలేదేం అని.

తాతయ్య ఆ తర్వాత రెండేళ్ళకు బందరు వెళ్ళిపోయి, అక్కడే ప్రభువు సన్నిధికి చేరాడు. ఆయన ఇచ్చిన తీగ ముక్క ఇళ్ళు మారుతున్నప్పుడు ఎక్కడో పోయింది. దాని కోసం నేను బాధపడలేదు. నాకు మిగలవలసింది మిగిలింది. సాక్షి అంటే బాగా మాట్లాడేవాడు కాదు, అక్కడ ఉన్నవాడు. "నేను చూళ్ళేదమ్మా" అనే మాటతో తాతయ్య కథను పాడుచెయ్యలేదని, అది తెగకుండా కథకు తీగ కట్టాడని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు నాకు మనవలున్నారు. సంఘంలో నన్ను పెద్దమ్మగారూ అని పిలిచి సాక్ష్యం చెప్పమంటారు. నేను చెబుతాను, ధైర్యంగానే చెబుతాను, నాకు చెప్పడానికి ప్రభువు మేలులు చాలానే ఉన్నాయి. కానీ లేవబోయే ముందు ప్రతిసారీ చూపుడువేలును బొటనవేలితో ఒకసారి తడుముకుని, నన్ను నేను అడుగుతాను. ఆ వేళ నువ్వు ఎక్కడున్నావు, గేలం దగ్గరా, గవ్వల దగ్గరా. గవ్వల దగ్గరైతే, ఆ మాట కూడా చెప్పాకే కూర్చుంటాను.