కొలకర్ర తప్పిన వరస

ఆ తోటలో వరసలన్నీ మోకాలెత్తు. ఇంటివైపు వరస ఒక్కటే నడుమెత్తు.

ఎర్ర వైన్‌కి వాడే ఆ నల్లద్రాక్షకి ఎండంటే ప్రాణం. పగలంతా కాగిన రాళ్ళు పొద్దువాలాక వదిలే సెగ కూడా దానికి కావాలి. అందుకే తీగని పాకనివ్వకుండా, లేతగా ఉన్నప్పుడే తల కత్తిరించి నేలకి దగ్గరగా గుబురుగా పెంచుతారు. ఆ ఒక్క వరసకి మాత్రం రాళ్ళ సెగ సరిగా అందదు. తోటంతా కోత అయిపోయి, బుట్టలు కడిగి బోర్లించాక గానీ అది పండదు.

తోట నాటినాయన చేతిలో కొలకర్ర లేకుండా గడప దాటేవాడు కాదు. ఆయన అసలు పేరు మరిచిపోయి ఊరంతా కొలకర్ర అనే పిలిచేది. అలాంటి మనిషి ఏకంగా ఒక వరసంతా కొలత తప్పాడంటే ఎవరూరుకుంటారు? బుట్టలల్లే ముసలాయన ప్రతి కోతకీ, "ఏం బావా, ఆవేళ కర్ర తలకిందులుగా పట్టుకున్నావా?" అనేవాడు.

"కర్ర బాగానే ఉంది. కళ్ళే మసకేశాయి" అని ఆయనా నవ్వేసేవాడు. ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఆయన భార్య కూడా నవ్వేది, తల పక్కకి తిప్పుకుని.

ఇప్పుడాయన లేడు. తోట కూతురి చేతికొచ్చింది. పెద్దమ్మ మోకాళ్ళు మొరాయించి, వంగి కోసే వరసలు ఆవిడకి దూరమయ్యాయి. నిలబడి కోసే ఆ ఒక్క వరసే మిగిలింది. అది కూడా లేకపోతే తోటలో ఆవిడకి పనిలేదు.

ఆ చలికాలం కూతురు గడ్డపార తెచ్చి సరిగ్గా ఆ వరస మొదట్లోనే దించింది.

"అమ్మా, దీన్ని పీకేసి కొత్తవి నాటుతున్నా. ఈ ఒక్కదాని కోసం కోతవాళ్ళని మళ్ళీ పిలవాలంటే తల ప్రాణం తోకకొస్తోంది."

"వాళ్ళెందుకే? నేను కోయడం లేదూ?"

"నువ్వు కోసేది సగం, తినేది సగం. నాన్న తప్పుని ఇంకెన్నాళ్ళు మోస్తాం?"

పెద్దమ్మ గట్టు మీద కూలబడింది. "తప్పు కాదు. ఆయన కళ్ళూ మసకెయ్యలేదు."

"మరి?"

"నువ్వప్పుడు కడుపులో ఉన్నావు. వంగితే నొప్పి. కూర్చుంటే మీ నాయనమ్మ ఊరుకునే మనిషా? మొక్కలకి తల కత్తిరించే రోజు మీ నాన్న నన్నిక్కడ నిలబెట్టి, నా నడుం ఎక్కడికొస్తుందో కర్రతో కొలిచాడు. పిలకలు గిల్లే పని నిలబడే చేసుకున్నాను. మీ నాయనమ్మ నిలదీస్తే కొలత తప్పిందన్నాడు. ఇక ఆ మాట మీదే ఉండిపోయాడు."

"నాయనమ్మ పోయాకైనా చెప్పొచ్చుగా! ఊరంతా నవ్వింది ఆయన్ని చూసి."

"చెబుతానంటే వద్దన్నాడు. నవ్వుకోనీ, నాకూ అలవాటైపోయింది అన్నాడు."

కూతురు వెళ్ళి ఒక మొదలు పక్కన నిలబడింది. తండ్రి పోలిక, పొడుగు మనిషి. మొక్క తల ఆమె తొడ దగ్గరే ఆగిపోయింది. తల్లిని లేవదీసి పక్కన నిలబెట్టింది. సరిగ్గా నడుం దగ్గరకొచ్చింది.

"నువ్వింత పొట్టిదానివా!" అంటూ గడ్డపార పెరికి భుజాన వేసుకుంది. "సరే, ఈ వరస కోత నీదే. తిన్నవి మాత్రం తిన్నట్టు ఒప్పుకోవాలి."

ఆ ఏడూ బుట్టలన్నీ బోర్లించాక ఒక్కటి మాత్రం పెద్దమ్మ చేతిలో మిగిలింది. అటుగా పోతున్న, వైన్ తయారుచేసే మేస్త్రీ ఆగాడు.

"ఇంకా కోత అవలేదా పెద్దమ్మా?"

"ఎలా అవుతుంది నాయనా, కొలకర్ర కొలత తప్పాడుగా!" అని, పెద్దమ్మ తల పక్కకి తిప్పుకుంది.