లేత్ చాచా గీసిన సుద్దగీత

మొన్న శుక్రవారం పొద్దున గోపాల్‌పేట నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మన లేత్ చాచా పోయిండు. తెల్లారంగ గుండెల నొప్పి అన్నడంట, దవాఖానకు తీస్కపోతుంటే దారిలనే పాయె. జల్ది రాండ్రి." ఫోన్ చేసింది ఒక రైతు. ఎనిమిదేళ్ల కిందట నలుగురిలో చాచాను దొంగ అన్న మనిషి. ఇప్పుడు మాట పూర్తిచేయలేక ఫోన్ పెట్టేశాడు. ఈ రెండింటి నడుమ ఏం జరిగిందో చెబితే తప్ప మా చాచా ఎలాంటివారో మీకు తెలియదు.

వనపర్తిలో బస్టాండు వెనక సందులో ఆయన లేత్ షాపు, ఇనుమును గిరగిరా తిప్పి చెక్కే పని. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పేవాణ్ని. మా ల్యాబులో కడ్డీని మెలితిప్పి చూసే టార్షన్ మిషన్ ఉండేది. కడ్డీకి ఒక కొస కదలకుండా బిగించి, రెండో కొసను చక్రంతో తిప్పుతాం. ఎంత బలానికి ఎంత కోణం తిరిగిందో రాసుకుంటాం. దాన్నిబట్టి ఆ లోహం మెలికకు ఎంత బిగువుగా ఎదురు నిలుస్తుందో లెక్క కడతాం. పుస్తకంలో దాని పేరు దృఢతా గుణకం. పిల్లలకు జీ వాల్యూ. ఆ పరీక్షకు కావలసిన కడ్డీలు ఏటా చాచానే చేసిచ్చేవారు.

ప్రతి కడ్డీ మందాన్నీ మూడు చోట్ల కొలిచి గాని ఇచ్చేవారు కాదు. మందంలో ఒక వంతు తప్పితే లెక్కలో నాలుగు వంతులు తప్పుతుందని నేను బోర్డు మీద నిరూపించేవాణ్ని. ఆయనకా లెక్క తెలియదు, కొలవడం మానేవారూ కాదు. చేతికి నూనె ఉంటే చెయ్యి కలపడానికి మణికట్టు చాపేవారు. ఎప్పుడు కలిసినా ఒకటే ప్రశ్న, పరీక్ష రాసిన పిల్లల గురించి అడిగినట్టు: "నా కడ్డీలు ఎట్ల చేసినయ్ సార్?"

ఎనిమిదేళ్ల కిందట పల్లికాయల కాలంలో గోపాల్‌పేట రైతు విరిగిన షాఫ్టు పట్టుకుని షాపు మీదికి వచ్చాడు. అతనికి పల్లికాయ కొట్టే మిషన్ ఉంది. ఊరూరా తిప్పుతాడు. దాన్ని తిప్పే ఇరుసు కడ్డీ ఈ షాఫ్టు. గట్టి రకం ఉక్కుతో చేసిచ్చింది చాచానే. నెల తిరగకముందే అది రెండు ముక్కలైంది.

"గట్టిదని చెప్పి మామూలు ఇనుము పెడ్తవా? దొంగవి నువ్వు!" అని బజారు వినేట్టు అరిచాడు.

అప్పుడే కడ్డీల కోసం అక్కడికి వెళ్లాను. చాచా మొహం నల్లబడిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆయనకున్న ఆస్తల్లా ఆ సందులో ఉన్న పేరొక్కటే. నా వైపు తిరిగి, "మీ మిషన్ చెప్తదా సార్, ఇది ఏ ఇనుమో?" అన్నారు.

నాకప్పుడు వయసు చిన్న, నోరు పెద్ద. "ఎందుకు చెప్పదు? పదండి" అన్నాను.

చాచా విరిగిన షాఫ్టు నుంచి ఒక ముక్క కోసి కడ్డీగా తీశారు. పోల్చడానికి అదే మందంలో మామూలు ఇనుప కడ్డీ మరొకటి చేశారు. ముగ్గురం ల్యాబుకు వెళ్లాం. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి బిగించి కొంచెం కొంచెం తిప్పాను, కోణాలు రాసుకున్నాను, లెక్క కట్టాను. రెండు విలువలూ దాదాపు ఒకటే వచ్చాయి. వెంటనే తెల్ల కాగితం మీద "రెండూ ఒకే రకం లోహం" అని రాసి సంతకం కూడా పెట్టేశాను.

"సూసినవా? సారే చెప్పిండు" అన్నాడు రైతు.

చాచా కాగితం వైపు చూడలేదు. మిషన్ వైపే చూస్తున్నారు. "గింతేనా సార్? నడుమల ఎందుకు ఆపిండ్రు?"

"ఈ పరీక్ష ఇంతవరకే."

"ఇరిగేదాంక పోయేటిది కదా షాఫ్టు బతుకు! జర ఇంకా తిప్పుండ్రి." జేబులోంచి సుద్దముక్క తీసి రెండు కడ్డీల మీదా ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా గీత గీశారు.

మళ్లీ తిప్పాను. మామూలు కడ్డీ కాసేపటికి లొంగిపోయింది. చక్రం తిరుగుతోంది గాని బలం చూపే ముల్లు పెద్దగా లేవడం లేదు. సుద్దగీత కడ్డీ చుట్టూ తీగలా అల్లుకుంది. చక్రం వదిలేసినా గీత అలాగే ఉండిపోయింది. తర్వాత షాఫ్టు ముక్కను బిగించి సరిగ్గా అంత బలమే పెట్టాను. గీత కొద్దిగా వాలింది. వదలగానే మళ్లీ తిన్నగా అయింది.

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మేం మామూలు ఇనుమనేదీ చవక రకం ఉక్కే. ఉక్కులో చవకదైనా ఖరీదైనదైనా మొదట్లో మెలికకు ఇంచుమించు ఒకేలా ఎదురు నిలుస్తుంది. ఎంత బలం దాకా నిలుస్తుందన్నదే తేడా. ఏటా నేను చెప్పే పాఠమే ఇది! కాగితం చించబోతే చాచా నా చెయ్యి పట్టుకున్నారు.

"చింపకుండ్రి. మిషన్ అబద్ధం చెప్పలె సార్. మనం అడిగిందానికే జవాబు చెప్పింది. కింద ఇది గూడ రాయుండ్రి."

రాశాను: షాఫ్టు గట్టి రకం ఉక్కే. రైతు లేచి వచ్చి చాచా రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయింది భాయి. నోరు జారిన."

అక్కడితో అయిపోవలసింది. చాచా పేరు చాచాకు దక్కింది. కానీ ఆయన, రైతు బల్ల మీద పెట్టిన షాఫ్టు విరిగిన కొసను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. చాలాసేపు తిప్పి చూశారు. "ఆగు అన్నా. ఇంకా కాలె" అన్నారు.

విరిగిన ముఖంలో సగం నున్నగా అరిగి ఉంది, సగం గరుకుగా ఉంది. "ఇది ఒక్కనాడు ఇరగలె. ఈ మూలకాడ మొదలై జరంత జరంత చీల్కుంట వచ్చింది." బేరింగు కూర్చోవడానికి షాఫ్టు సన్నబడే చోటు అది. అక్కడ మూలను గుండ్రంగా తీయాలి, లేకుంటే బలమంతా అక్కడే పడి చీలిక పుడుతుంది. ఆయన కత్తి మొనంత పదునుగా వదిలేశారు. "నీ తొందర సూసి నేను గూడ తొందరపడ్డ. నువ్వు దొంగ అన్నవని కోపంల నా పని నేనే సూసుకోలె. ఇనుము మంచిదే అన్నా. తప్పు నా చేతిది."

మామూలుగా చెప్పారా మాట, టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు. ఆయన నోరు విప్పకపోతే ఆ రైతుకు తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే లెక్చరర్నయిన నాకూ తెలిసేది కాదు. "అది గూడ రాయుండ్రి సార్" అన్నారు. మూడో వాక్యం రాశాను. దాని కింద చాచా ఉర్దూలో సంతకం చేశారు.

ఆ తర్వాత నేను ఏ బ్యాచికీ ఆ పరీక్షను మధ్యలో ఆపలేదు. పుస్తకం అడిగిన విలువ వచ్చాక కూడా, కడ్డీ తెగేదాకా పిల్లలు తిప్పాల్సిందే. తెగిన ముఖం చూసి ఏమనిపించిందో వాళ్ల మాటల్లో రాయాల్సిందే. ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో వర్క్‌షాపుల్లో ఉన్నారు. విరిగినదాన్ని పారేయకుండా ఒకసారి వెలుతురులో పెట్టి చూస్తారని నా నమ్మకం. మొన్న చాచాకు మట్టి ఇచ్చి వచ్చేటప్పుడు నాకు దుఃఖం కంటే కృతజ్ఞతే ఎక్కువగా కలిగింది.

ఎనిమిదేళ్ల కిందటి ఆ రోజు పొద్దు వాలకముందే కొత్త షాఫ్టు తయారైంది. చాచా రైతు బొటనవేలు పట్టుకుని సన్నబడే మూల మీద పెట్టారు. "తగుల్తుందా?"

"లేదు భాయి. నున్నగుంది."

"తగలొద్దు. ఇగ పో, పల్లికాయలు ఎదురుసూస్తుంటయ్."

రైతు భుజం మీది తువ్వాల తీసి షాఫ్టుకు చుట్టుకున్నాడు. గోపాల్‌పేట బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. చాచా, నేను సందు మొదట్లో నిలబడి చూస్తున్నాం. బస్సు కదిలింది. తువ్వాల కింద రైతు బొటనవేలు ఆ గుండ్రటి మూల మీద ఇంకా మెల్లగా తిరుగుతూనే ఉందనిపించింది నాకు.