కొట్టంలో గృహప్రవేశం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. సివిల్ డిప్లొమా చేతికొచ్చి నాలుగు నెలలైనా మదనపల్లెలో ఒక్కరూ పని ఇవ్వలేదు కానీ, పాత కట్టడాలను కొత్త ఇళ్లుగా మార్చే వీడియోలన్నీ ఫోన్లో చూసేశాను కాబట్టి ఇక నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదని నా నమ్మకం. (అందులో పదోవంతు ఇప్పుడున్నా బాగుండును.) సరిగ్గా అప్పుడే పుంగనూరు దగ్గర మా అమ్మ పుట్టింట్లో పంపకాలు జరిగాయి. పెద్దమామకి ఇల్లూ, పొట్టి పుంగనూరు ఆవూ దక్కాయి. కుప్పంలో నర్సుగా పనిచేస్తూ అద్దె గదిలో ఒంటరిగా ఉంటున్న చిన్నమ్మకి ఆ ఆవును కట్టేసే కొట్టం దక్కింది. రాతి గోడలు, బండల నేల, మేత వేసే గాడి, కుడితి తొట్టి, ఒక మూల టమాటా క్రేట్లు. అదీ ఆమె ఆస్తి.

అందరూ జాలిపడ్డారు. చిన్నమ్మ మాత్రం నాకు ఫోన్ చేసింది. "ఆవులు అన్నేండ్లు సుకంగా ఉండినాయి, నేనుండలేనా? నువ్వు సదివిండేది ఇండ్లు కట్టేదానికే గదమ్మా. ఆ కొట్టాన్నే నాకు ఇల్లు చెయ్" అంది. మేం కొట్టం చూడ్డానికి వెళ్లిన రోజు, సంగతి తెలిసిన పెద్దమామ పక్కనే ఉన్న తన ఇంటి గోడవతల నుంచే అరిచాడు: "ఆవులు పండుకున్న సోట మనిషి కాపరమా! నేను సచ్చినా ఆ గడప తొక్కను." చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచి, అన్న ఆ ఇంట్లో కూర్చుని ఒక్క ముద్ద తింటే చాలని నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది. దాంతో నాకు పంతం పుట్టింది. పని రాకపోయినా పంతానికి ఎప్పుడూ కొదవలేదు నాకు.

మూడు నెలలు రోజూ స్కూటీ మీద మదనపల్లె నుంచి పుంగనూరుకు తిరిగాను. నా వెంట మేస్త్రీగా వచ్చినాయన్ని అందరూ 'బండల భాయ్' అనేవారు. బండలు పరచడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన మొదటిరోజే క్రేటులోంచి ఒక టమాటా తీసి నేలమీద పెట్టాడు. అది ఆగకుండా దొర్లుతూ పోయి గోడ అడుగునున్న తూము దగ్గర ఆగింది.

"సూడమ్మా, నేల తూము పక్కకి వాటంగా ఉండాది. ఆవులకైతే కావాల. మనుషులకి యాల? బండలు లేపి మల్లా పరుద్దాం" అన్నాడు.

"వద్దు భాయ్. పాత నేలని కదపకూడదు. అదే డిజైన్" అన్నాను.

ఆయన టమాటా వైపూ నా వైపూ చూసి, "టమాటాకి డిజైన్ తెలీదు గదమ్మా" అని గొణిగాడు. నేను వినలేదు. తూము కూడా మూయనివ్వలేదు, గాలి వస్తుందని. కుడితి తొట్టిని వాష్ బేసిన్ చేశాను. గాడి మీద పరుపు వేసి సోఫా చేశాను. బండలకు పాలిష్ పెట్టించాను. అంతా అయ్యాక చిన్నమ్మ మంచం వేస్తే తల వైపు ఎత్తు, కాళ్ల వైపు దిగుడు. రెండు మంచంకోళ్ల కింద ఇటుకలు పెట్టి, "ఇదీ డిజైనే" అని చెప్పుకున్నాను. (భాయ్ అప్పుడు నా మొహం చూడకుండా బీడీ వెలిగించుకున్నాడు. మర్యాదస్తుడు.)

గృహప్రవేశానికి ముందు ఆవు నడవాలి కదా. ఊళ్లో దూడతో ఉన్న ఆవు పెద్దమామదొక్కటే. "ఆవుని పంపిస్తా, నేను మాత్రం రాను" అని కబురు పెట్టాడు. మామూలుగా కొత్త ఇంట్లోకి ఆవును ఎక్కించాలంటే ముందొకరు లాగాలి, వెనకొకరు తొయ్యాలి. ఈవిడ మాత్రం ఎవరి సాయమూ లేకుండా తాపీగా గడప దాటి, తిన్నగా తన పాత చోటికి పోయి గాడి ముందు నిలబడింది. సోఫా పరుపును వాసన చూసి, ఇదేం మేత అన్నట్టు నా వైపు తిరిగింది. అయ్యవారి అరటిపళ్లు తిని, తోకెత్తింది.

"శుభం! శుభం!" అన్నారు అయ్యవారు బారెడు దూరం జరిగి. చుట్టాలు పంచెలూ చీర కుచ్చిళ్లూ పైకెత్తుకున్నారు. నేను గోనెసంచి కోసం పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి నేల మీద చుక్క లేదు. అంతా వాటం వెంట పోయి తూములోంచి బయటికి వెళ్లిపోయింది.

"మా అమ్మ డిజైన్!" అన్నాడు భాయ్ నన్ను చూపిస్తూ గర్వంగా.

తర్వాత ఆవు అక్కడే పడుకుంది. దూడ పక్కన చేరింది. పచ్చిగడ్డి చూపించారు, తాడు లాగారు, బతిమాలారు. కదల్లేదు. పాలు పొంగించే ముహూర్తం దగ్గరపడుతోంది. చిన్నమ్మ వాకిట్లోకి వెళ్లి, గోడవతల చేతులు కట్టుకుని నిలబడ్డ అన్నను పిలిచింది.

"అన్నా, నీ ఆవు లెయ్యనంటాంది."

"ఈణ్ణించే పిలుస్తా" అని ఆయన గట్టిగా పిలిచాడు. ఆవు ఒక చెవి ఆడించింది, అంతే. మళ్లీ పిలిచాడు. రెండో చెవి ఆడించింది.

పెద్దమామ గోడ చుట్టి వాకిట్లోకి వచ్చాడు. చెప్పులు విడిచాడు. గడప దాటాడు. ఆవు మెడ నిమిరి, "లెయ్ తల్లీ, ఇల్లు వాళ్లదంట" అనగానే లేచి నిలబడింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆయన మాత్రం వెంటనే బయటికి పోలేదు. తలెత్తి దూలాన్ని చూస్తూ, "ఇది నాయన ఎత్తిండేది గదా" అన్నాడు. చిన్నమ్మ పాలు పొంగించి, పొంగలి ఆకులో పెట్టి తెచ్చింది. ఆయన సోఫాను తడిమి చూసి, "గాడి కాడ కూసోబెట్టి మేపుతావా నన్ను?" అన్నాడు.

"పెట్టింది తిను అన్నా" అంది చిన్నమ్మ. ఆయన కూర్చుని తిన్నాడు.

ఇప్పుడు నాకు నేల సమంగా ఉందో లేదో చూసే లేజర్ లెవెల్ ఉంది, ఇద్దరు అసిస్టెంట్లున్నారు. పుంగనూరుకే ఉద్యోగం మార్చుకున్న చిన్నమ్మ, నేల సరిచేస్తానని నేనంటే ఒప్పుకోదు, కడుక్కోవడానికి సులువట. పెద్దమామ రోజూ సాయంత్రం ఆవును తోలుకొస్తాడు, దానికే బెంగగా ఉందంటూ. నేను మాత్రం ఏ ఇంట్లో నేల పని పూర్తయినా లేజర్ తీసే ముందు బ్యాగులోంచి ఒక టమాటా తీసి నేల మీద పెడతాను. అసిస్టెంట్లిద్దరూ నవ్వుకుంటారు. అది కదలకుండా నిలబడితే నా పని సరిగ్గా ఉన్నట్టే. అయినా దొర్లితే బాగుండునని ఆ ఒక్క క్షణం ఆశగా చూస్తాను.