చింతపండుతో తోమిన రూపాయి

పొద్దున్నే వంటింట్లోంచి నానిన చింతపండు వాసన వచ్చింది. మా చెల్లెలు రాగి చెంబులు తోముతోంది. జనగామలో కాపురం పెట్టి ఎన్నేళ్లయినా, ఆ పులుపు ముక్కుకు తగిలితే నా కుడిచేతి బొటనవేలు దానంతట అదే ముడుచుకుంటుంది. ఆ వేలితోనే ఒకసారి ఒక ముసలామె ఆశను తుడిచేశాను. ఆ రోజు సమ్మయ్య కాక నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఆయన తిట్టలేదు.

సమ్మయ్య కాక బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. భూపాలపల్లిలో ఆయన ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని నేను కుట్టు మిషన్ పెట్టుకున్నాను. నాకప్పటికే ముప్పై దాటాయి. కాటారం రూట్లో చిల్లర ఏరి ఏరి ఆయన వేళ్లకు కళ్లొచ్చాయని అందరూ అనేవాళ్లు. ఒకసారి బస్సులో ఎవరో అరిగిపోయిన పాత బిళ్లను పావలా అని అంటగట్టారట. అది ఏ కాలందో తేలేదాకా ఆయనకు నిద్ర పట్టలేదట. పాత నాణేల పిచ్చి అక్కడ మొదలైంది. తండ్రి దగ్గర నేర్చుకున్న ఉర్దూ అక్షరాలు వాటి మీది రాత చదవడానికి అక్కరకొచ్చాయి.

గిరాకీ లేనప్పుడు నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఆయన నాణేన్ని ముందు త్రాసులో వేసేవాడు. "ఇంగ్లీషోళ్ల రూపాయి తులం తూగుతది. నిజాంది జర తక్కువ. గని అరిగినంక అన్నీ తక్కువే తూగుతయి. తూకం ఒక్కదాన్నే నమ్మకు బిడ్డ" అనేవాడు. తర్వాత అంచు తడిమేవాడు. మిషన్ అచ్చయితే సమంగా ఉంటుంది, చేత్తో కొట్టిందయితే మందంగా, వంకరగా ఉంటుంది. చివరికి కిటికీ దగ్గర నాణేన్ని ఏటవాలుగా పట్టి నోటి ఆవిరి ఊదేవాడు. ఆవిరి ఆరేలోపు, లేవనుకున్న గీతలు ఒక్క క్షణం లేచేవి.

"ఏం కనవడ్డది?"

"రాజు పేరు, కాకా."

"పేరు గాదు. కనవడ్డది చెప్పు."

"రెండు చుక్కలు, ఒక వంకర గీత."

"గంతే. గంతకంటె ఎక్కువ చెప్తే అబద్ధమైతది."

ఒక ఎండాకాలం పొద్దున కాటారం దిక్కు నుంచి లచ్చవ్వ అనే ముసలామె వచ్చింది. భర్తకు వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేయాలన్నారు. ఆమె కొంగు ముడిలో అత్తగారిచ్చిన రూపాయి ఒకటి ఉంది. నల్లగా, రెండు వైపులా నున్నగా ఉంది. కాక దాన్ని చాలాసేపు చూశాడు. చేత్తో కొట్టిన అచ్చు. అంచు దగ్గర, దాన్ని అచ్చువేసిన ఊరి పేరులో మూడు అక్షరాల తోకలు మిగిలాయి. ఆ పేరు తేలితే అది అరుదైన నాణెం, ఆపరేషన్ ఖర్చు గట్టెక్కుతుంది. తేలకపోతే వెండి ధరే. కాక మహబూబాబాద్‌లో పాత నాణేలు కొనే సేటుకు ఫోన్ చేశాడు. సేటు మధ్యాహ్నం వస్తానన్నాడు. లచ్చవ్వకు ఇంత అన్నం పెడతానని కాక ఆమెను లోపలికి తీసుకుపోయాడు. నాణెం నా మిషన్ బల్ల మీదే ఉంది.

అక్షరాలు ఇంకాస్త తేటగా కనిపిస్తే సేటు బేరమాడలేడు కదా అనుకున్నాను. మా అమ్మ దేవుడి సామాన్ల నుంచి కాలి మట్టెల దాకా అన్నీ చింతపండుతోనే తోమేది. ఇంత చింతపండు, చిటికెడు ముగ్గు వేసి బొటనవేలితో రుద్దాను. తళతళలాడింది. మురిసిపోయి కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టాను. ఏమీ లేదు. ఊదాను. మళ్లీ ఊదాను. ఆ సందుల్లో నిలిచిన నలుపే ఇంతకాలం అక్షరాల్ని నిలబెట్టిందని, నలుపుతో పాటు అవీ పోయాయని అప్పుడు అర్థమైంది.

లోపలి నుంచి లచ్చవ్వ గొంతు వినిపిస్తోంది. "అన్నా, మా ముసలాయన బతుకుతడంటవా?" దీపం మసి పూసి మళ్లీ నల్లగా చేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మసి కోసం గూట్లోని దీపం వైపు చేయి చాపాను కూడా. అంతలో కాక బయటికొచ్చాడు. చింతపండు గిన్నె చూశాడు. నాణెం అడగలేదు.

"కాకా..."

"నాకు గాదు బిడ్డ. ఆమెకు చెప్పు."

చెప్పాను. లచ్చవ్వ రూపాయిని అటూ ఇటూ తిప్పి నవ్వింది. "మంచిగనే మెరుస్తున్నది గద బిడ్డ!" ఆ నవ్వు చూశాక రెండోసారి చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. "మెరుసుడే తప్పయింది అవ్వా. దాని మీది పేరు పోయింది. నేనే పోగొట్టిన." ఆమె గడప మీద కూలబడింది.

సేటు వచ్చి చూసి పెదవి విరిచాడు. "సమ్మయ్యా, పొద్దున నువ్వు సూసినవు గద. ఏ ఊరో చెప్పు, నీ మాట మీద కొంట." ఒక్క ఊరి పేరు చెబితే చాలు. చెప్పమని కళ్లతోనే బతిమాలాను.

"పొద్దున తోకలు సూసిన సేటూ, పేరు సూడలే. ఇప్పుడు తోకలు గూడ లేవు" అన్నాడు కాక. లోపలికి వెళ్లి తన డబ్బా తెచ్చాడు. అందులో పేరు తేటగా ఉన్న రూపాయి ఒక్కటే ఉండేది. దాన్ని లచ్చవ్వ చేతిలో పెట్టాడు. "నీది నాకియ్యి అవ్వ. బదులుకు బదులు. గిది సేటుకు అమ్ముకో."

ఆమె సేటు ఇచ్చిన డబ్బు కొంగున కట్టుకుని వెళ్లాక నేను ఏడ్చేశాను. "తప్పు నాది కాకా, నువ్వెందుకు..."

"సూసుడు నేర్పిన, రుద్దొద్దని నేర్పలే. సగం నాది" అంటూ ఆ తోమిన రూపాయిని నా చేతిలో పెట్టాడు. వానాకాలంలో లచ్చవ్వ భర్తను వెంటబెట్టుకుని కాకను చూడ్డానికి వచ్చింది.

కాక పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఫోన్లలో వీడియోలు చూసి, పాత బిళ్లకు లక్షలొస్తాయని జనం నా దగ్గరికి వస్తున్నారు. కనిపించినంతే చెబుతాను. కోపమొచ్చి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఈ పొద్దున మిషన్ సొరుగులోంచి ఆ రూపాయి తీశాను. ఇన్నేళ్లకు మళ్లీ నల్లబడింది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి ఊదాను. చెల్లెలు తడిచేతులతో వచ్చి వంగి చూసింది.

"ఏం కనవడ్డదక్కా?"

"నేను రుద్దిన గీతలు. గంతే."